దోమ పురుగునీ గోమారి పిల్లనీ సీసాలో పెంచి రోజులు లెక్కపెట్టడం ఎలా

దోమలు పోవడం లేదని నెలకో మందు మార్చేవాళ్లూ, స్నానం చేయించిన పది రోజులకే కుక్కకు మళ్లీ గోమార్లు పట్టాయని షాంపూను తిట్టేవాళ్లూ మన విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఉన్నారు, పెందుర్తిలోనూ ఉన్నారు. చాలాసార్లు తప్పు మందుది కాదు, రోజుల లెక్కది. కుట్టే దోమ కనిపిస్తుంది, రక్తం తాగి ఆముదపు గింజలా ఉబ్బిన గోమారి కనిపిస్తుంది. వాటి గుడ్లు, పిల్లలు ఎక్కడ ఎన్ని రోజులు ఉంటాయో మాత్రం కనిపించదు. సీసాలో పెంచి చూస్తే అది తెలుస్తుంది. జువాలజీ ప్రాజెక్టు చేసే డిగ్రీ విద్యార్థికీ, అపార్ట్‌మెంట్ సంఘానికీ, నాలుగు పాడిగేదెలున్న ఇంటికీ పనికొచ్చే పద్ధతే ఇది.

మొదలుపెట్టే ముందు ఒక నియమం పెట్టుకోండి: సీసాలోంచి ఏదీ ప్రాణంతో బయటికి రాకూడదు. డెంగీ వైరస్ కొద్ది శాతం గుడ్లకు తల్లి దోమ నుంచే వస్తుంది. కాబట్టి మీరు పెంచిన దోమ ఎవరినీ కుట్టలేదులే అనుకుని కిటికీ తీసి వదలకండి.

కావలసిన సామాను

తెల్లటి ప్లాస్టిక్ బేసిన్ ఒకటి (ముదురు రంగు బేసిన్లో పురుగు కనపడదు), 300 మి.లీ. పట్టే పొడుగు కాడ గరిటె, టీ వడగట్టే జల్లెడ, డ్రాపర్, వెడల్పు మూతి గాజు సీసాలు, దోమతెర గుడ్డ, రబ్బరు బ్యాండ్లు, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం. డ్రాపర్ మొనను కత్తిరించి 3 మి.మీ. రంధ్రం చేయండి, లేకపోతే పెద్ద లార్వాలు (దోమ పురుగులు) నలిగిపోతాయి. గోమార్ల కోసం అయితే నాలుగైదు టెస్ట్‌ట్యూబులు, పలచటి నూలుగుడ్డ, గాలి చొరని మూత ఉన్న డబ్బా, సన్న మొన ఉన్న చిమటా, సెల్లోటేపు కావాలి. ఎరువుల కొట్లో పావుకిలో పొటాష్ కూడా తెచ్చుకోండి. దాని పని తర్వాత చెబుతాను.

నమూనాల సీసాలో వేసే చీటీ రాయడానికి పెన్సిల్ మరవకండి. పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగి చీటీ తెల్లకాగితం అయిపోతుంది.

దోమ గుడ్లు పట్టడం

డెంగీ దోమ, అంటే ఈడిస్, గుడ్లను నీళ్లలో పెట్టదు. నీటి అంచుకు కాస్త పైన తడిగా ఉన్న గోడకు ఒక్కొక్కటిగా అతికిస్తుంది. ఆ అలవాటే మనకు పనికొస్తుంది. అర లీటరు పట్టే నల్ల మగ్గు తీసుకోండి. లోపలి గోడకు గరుకుగా ఉండే గోధుమరంగు కాగితం పట్టీ చుట్టి క్లిప్ పెట్టండి. మూడింట రెండు వంతులు నీళ్లు పోసి, నేలకు దగ్గరగా నీడలో, మొక్కల కుండీల వెనకో మెట్ల కిందో ఉంచండి. నాలుగో రోజో ఐదో రోజో పట్టీ తీసి చూస్తే నీటి గీతకు పైన మిరియం పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు ఉంటాయి. ఏడు రోజులు దాటనివ్వకండి. దాటితే మీరు పెట్టిన మగ్గే వీధికి దోమల్ని సరఫరా చేస్తుంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పట్టీ తీయగానే ఎండలో ఆరేస్తారు. గుడ్డు లోపల పిండం తయారవడానికి రెండు మూడు రోజుల తడి కావాలి. అంతకుముందే ఎండితే గుడ్డు సొట్టపోయి చస్తుంది. పట్టీని తడి దూదితో పాటు మూత పెట్టిన డబ్బాలో మూడు రోజులు ఉంచి, ఆ తర్వాత నీడన ఆరబెట్టండి. అలా ఆరినవి నెలల తరబడి బతికే ఉంటాయి.

పొదిగించడం చిన్న కిటుకు. నీళ్లు బాగా మరిగించి, సీసా నిండా పోసి మూత బిగించి చల్లారనివ్వండి. మరిగినప్పుడు నీటిలోని ఆక్సిజన్ పోతుంది. ఆక్సిజన్ తగ్గడమే ఈడిస్ గుడ్డుకు పగిలే సంకేతం. ఈ నీళ్లలో పట్టీ ముంచితే చాలా గుడ్లు ఒకటి రెండు గంటల్లోనే పగులుతాయి. మామూలు నీళ్లలో అయితే ఇవాళ కొన్ని, ఎల్లుండి కొన్ని పగిలి అన్నీ ఒక వయసువి కాక లెక్క చెడుతుంది.

రోజుకు గంటో రెండు గంటలో కుళాయి వచ్చే వీధుల్లో డ్రమ్ములు తప్పవు. ఆ డ్రమ్ములకే ఈ పాఠం వర్తిస్తుంది. నీళ్లు పారబోసినంత మాత్రాన గోడకు అంటుకున్న గుడ్లు పోవు. మళ్లీ నింపగానే పగులుతాయి. ఖాళీ చేసిన ప్రతిసారీ కొబ్బరి పీచుతో లోపలి గోడంతా, ముఖ్యంగా నీటి గీత చుట్టూ, గరగరా రుద్దాలి.

లార్వాలు పట్టడం, గుర్తుపట్టడం

బీచ్ రోడ్డు పక్కన పారేసిన కొబ్బరి బొండాలు, పాత టైర్లు, ఫ్రిజ్ వెనక ట్రే, సంపు, ఓవర్‌హెడ్ ట్యాంకు, గెడ్డ (మురుగు కాలువ): అన్నిచోట్లా ఒకే దోమ ఉండదు. నీళ్ల మీద మీ నీడ పడకుండా వెళ్లండి. నీడ పడగానే లార్వాలన్నీ అడుగుకు దిగిపోతాయి. దిగితే రెండు మూడు నిమిషాలు కదలకుండా ఆగండి, గాలి కోసం అవే పైకి వస్తాయి. గరిటెను వాలుగా పట్టి అంచు వెంబడి పైపొరను లాగండి. ఒక్కోచోట పది గరిటెలు తీసి, ఎన్నిటిలో లార్వాలు వచ్చాయో రాసుకోండి. పది గరిటెల్లో మూడింట వచ్చాయంటే అది వచ్చే వారంతో పోల్చుకోదగ్గ లెక్క. బొండాంలో, టైరులో గరిటె పట్టదు, డ్రాపర్‌తో లాగాలి.

తెల్ల బేసిన్లో పోసి కదలకుండా ఉంచి, నీటిపైకి ఎలా వస్తున్నాయో చూడండి. నీటి పొరకు సమాంతరంగా, పడుకున్నట్టు తేలితే మలేరియా దోమ, అంటే అనాఫిలిస్. దానికి శ్వాసగొట్టం ఉండదు, అందుకే ఒళ్లంతా పైపొరకు ఆనించాలి. తల కిందులుగా వేలాడుతుంటే మిగతా రెండిట్లో, అంటే క్యూలెక్స్, ఈడిస్‌లలో ఒకటి. తోక వైపు గొట్టం పొడుగ్గా సన్నగా ఉంటే క్యూలెక్స్. పొట్టిగా, లావుగా, నల్లగా ఉండి, పాములా మెలికలు తిరుగుతూ వెలుతురుకు దూరంగా పారిపోతుంటే ఈడిస్.

చోటు కూడా సాక్ష్యమే. గెడ్డలో, సెప్టిక్ ట్యాంకులో మురుగు మీద పడవలా తేలే గుడ్ల తెప్ప కనిపిస్తే క్యూలెక్స్. ఒక్కో తెప్పలో 100 నుంచి 200కు పైగా గుడ్లు నిలబెట్టినట్టు ఉంటాయి. ఉత్తరాంధ్రలో తరతరాలుగా బోదకాలును మోసింది ఈ దోమే. శుభ్రమైన ట్యాంకులో, బావిలో కనిపించే అనాఫిలిస్ స్టెఫెన్సీ పట్టణ మలేరియాకు కారణం. మురుగు లేదు కాబట్టి దోమ లేదనుకోవడం ఈ ఊళ్లో చెల్లదు.

పెంచడం

కుళాయి నీళ్లను వెడల్పు గిన్నెలో ఒక రోజంతా వదిలేస్తే క్లోరిన్ పోతుంది. లీటరు నీళ్లకు 200 లార్వాలకు మించకుండా, నీటి లోతు 5 నుంచి 7 సెం.మీ. ఉండేలా పోయండి. వాటి తిండికి కుక్క బిస్కెట్ పొడి మూడు వంతులు, ఈస్ట్ రెండు వంతులు కలిపి మెత్తగా నూరి జల్లించండి. మొదటి రెండు రోజులు రెండు మూడు ఆవగింజలంత పొడి చాలు. తర్వాత పెసరగింజంత. చివరి దశలో ఇంకాస్త.

జాలిపడి ఎక్కువ వేయకండి. ఇందులో చెడిపోయే ప్రయోగాల్లో సగం తిండి ఎక్కువై చెడేవే. తినకుండా మిగిలిన పొడి కుళ్లి నీటి మీద తెట్టు కడుతుంది, శ్వాసగొట్టాలు మూసుకుపోయి తెల్లారేసరికి అన్నీ అడుగున తెల్లగా పడి ఉంటాయి. తెట్టు కనిపించగానే కాగితం ముక్క నీటి మీద పరిచి ఈడ్చేయండి, సగం నీళ్లు మార్చండి, ఆ పూట తిండి వేయకండి. నీళ్లు తేటగా ఉన్నా చస్తే క్లోరిన్‌ని అనుమానించండి. ఒకే రోజు పగిలినవి చిన్నవీ పెద్దవీగా పెరుగుతుంటే ఇరుకైంది, రెండు బేసిన్లకు పంచండి. ఏసీ గదిలో పెడితే రోజులు సాగిపోతాయి. మన వరండా నీడలో ఉండే 27 నుంచి 30 డిగ్రీలే వాటికి సరిపోతుంది.

లార్వా నాలుగు దశలుగా పెరుగుతుంది. ఒక్కో దశకు ఒకసారి కుబుసం విడుస్తుంది. ఏ దశో తెలుసుకోవడానికి పొడవు చూడకండి, తిన్నది బట్టి ఒళ్లు సాగుతుంది. తల వెడల్పు చూడండి. గట్టి తల డొప్ప దశ మధ్యలో పెరగదు, కుబుసం విడిచినప్పుడు మాత్రమే ఒక్కసారిగా దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. విడిచిన కుబుసాలు నీటి అంచున తేలుతుంటాయి. రోజూ ఒకే సమయానికి వాటిని తీసి తేదీతో రాసుకోండి.

ఐదారు రోజులకు కామా గుర్తులా వంగిన ప్యూపాలు (రెక్కలు వచ్చే ముందు దశ) కనిపిస్తాయి. ప్యూపా తినదు. అయినా కదులుతుంది, నీడ పడితే గింగిరాలు కొడుతూ దిగుతుంది. ప్యూపాలను రోజూ డ్రాపర్‌తో తీసి చిన్న కప్పులో వేసి, కప్పును దోమతెర కట్టిన సీసాలో పెట్టండి. కప్పును కుదపకండి. ప్యూపా మీద చర్మం చీల్చుకుని దోమ పైకి లేచే పది పదిహేను నిమిషాల్లో నీళ్లు అల్లాడితే మునిగిపోతుంది. రెండు రోజుల్లో దోమలు వస్తాయి. ముందు చిన్న ప్యూపాల నుంచి మగవి, మరునాడు ఆడవి. తర్వాత సీసాను ఫ్రీజర్‌లో ఒక రాత్రి ఉంచండి.

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడని పాఠాల్లో చదివే ఉంటారు. ఆ దోమను కూడా లార్వా నుంచి సీసాలో పెంచారు. అంతకుముందు ఎవరినీ కుట్టని దోమ కాబట్టే, అందులో కనిపించింది తాను కుట్టించిన మలేరియా రోగి రక్తం నుంచే వచ్చిందని నమ్మగలిగాడు.

లార్వాలను దాచుకోవాలంటే నాలుగో దశవే తీసుకోండి, గుర్తింపు లక్షణాలన్నీ అప్పుడే పూర్తిగా ఉంటాయి. నేరుగా చల్లటి స్పిరిట్‌లో వేస్తే నల్లబడి ముడుచుకుంటాయి. మరగని, కానీ చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్లలో కొన్ని క్షణాలు ముంచి, తర్వాత 70 నుంచి 80 శాతం స్పిరిట్‌లోకి మార్చండి. ప్రయోగశాల ఆల్కహాల్ 95 శాతం ఉంటే ఎనిమిది పాళ్లకు రెండు పాళ్ల నీళ్లు కలిపితే సరిపోతుంది.

ఈ రోజుల లెక్కతో ఏం చేయాలి

మన వేడిలో ఈడిస్ గుడ్డు పగిలిన దగ్గర్నుంచి రెక్కలు వచ్చేదాకా మీ పుస్తకంలో ఏడెనిమిది రోజులు పడి ఉంటుంది. శుక్రవారం డ్రై డే అని వారానికి ఒకసారి నీళ్లు పారబోయమనేది అందుకే. పది రోజులకొకసారి చేసే శుభ్రం చేయనట్టే లెక్క.

మందు సంగతీ ఇక్కడే తేలుతుంది. బీటీఐ అనే బ్యాక్టీరియా పొడి లార్వా తింటేనే పనిచేస్తుంది. నాలుగో దశ చివర్లో తిండి మానేసిన లార్వానూ, ప్యూపానూ అది ఏమీ చేయలేదు. అబేట్ కూడా లార్వాల మందే, ప్యూపాలకు పెద్దగా పట్టదు. మందు వేసిన మూడో రోజు దోమలు లేచాయంటే అవి అప్పటికే ప్యూపాలన్నమాట. గెడ్డల్లో వేసే ఆయిల్ బాల్స్ (నూనెలో నానబెట్టిన రంపపు పొట్టు మూటలు) మాత్రం పైన పొర కట్టి ఊపిరాడకుండా చేస్తాయి కాబట్టి ప్యూపాలకూ తగులుతాయి. పైరిప్రాక్సిఫెన్ లాంటి ఎదుగుదల ఆపే మందు వేస్తే లార్వాలు హాయిగా ఈదుతూనే ఉంటాయి, ప్యూపా దగ్గర చస్తాయి. మర్నాడు పురుగులు కదులుతున్నాయని మళ్లీ పోయడం దండగ. ప్యూపాలు తెచ్చి సీసాలో వేసి, వాటిలో ఎన్ని రెక్కలతో లేచాయో చూడండి. మందు పనిచేసిందా లేదా చెప్పేది ఆ లెక్కే.

ఈగ సంగతి రెండు ముక్కల్లో. తడి తవుడులో పెంచితే గుడ్డు ఒక రోజులోపే పగులుతుంది, పురుగు నాలుగైదు రోజులు తింటుంది, తర్వాత తిండి వదిలి పొడి చోటు వెతుక్కుంటూ పాకిపోయి మట్టిలో ప్యూపా అవుతుంది. చేపల మార్కెట్టు పక్కన డబ్బా కడిగినా ఈగలు తగ్గకపోవడానికి కారణం ఆ పాకిపోవడమే. డబ్బా చుట్టూ రెండు మూడు అడుగుల మట్టి తవ్వి చూడండి, ఎర్రటి బార్లీ గింజల్లాంటివి కనిపిస్తాయి.

గోమారి గుడ్లు పెట్టించడం

కొన్ని ఊళ్లలో పిడుదు అంటారు. ఆవు, గేదె మీది గోమారితోనే మొదలుపెట్టండి, అది తేలిక. కడుపు నిండిన ఆడవి ఎక్కువగా తెల్లవారుజామున రాలతాయి. ఆరు గంటలకు పాకలో టార్చ్ వేసి చూడండి. సీసం రంగులో, ఆముదపు గింజంత, ఒక సెంటీమీటరు ఉన్నవి ఏరండి. పశువు మీంచి పీకితే నోటి భాగం తెగి గుడ్లు పెట్టకుండానే చావొచ్చు. నీళ్లలో కడిగి, కాగితం మీద ఆరబెట్టి, ట్యూబుకు ఒకటి చొప్పున వేయండి. మూతికి రెండు మడతల నూలుగుడ్డ కట్టండి. పిల్లలు అర మి.మీ. ఉంటాయి, దోమతెరలోంచి దూరిపోతాయి.

గోమారి గుడ్డుకు గాలిలో తేమ 80 శాతం దాటాలి. ఇక్కడే పొటాష్ కావాలి. అది పొటాషియం క్లోరైడ్. కొద్ది నీళ్లతో చిక్కటి ముద్దలా కలిపి, ఇంకా కరగని పలుకులు అడుగున మిగిలేలా చిన్న గిన్నెలో పోసి, మూత బిగించే డబ్బాలో ట్యూబుల పక్కన ఉంచండి. డబ్బాలో తేమ తనంతట తాను 84, 85 శాతం దగ్గర నిలబడుతుంది. వంట ఉప్పు అయితే 75 దగ్గరే ఆగుతుంది, సరిపోదు. తడి దూది పెడితే బూజు పడుతుంది. ముద్ద ట్యూబులకు తగలకుండా చూడండి.

నాలుగైదు రోజుల్లో గుడ్లు మొదలవుతాయి. భూతద్దంతో చూడదగ్గది ఇదే: ఒక్కో గుడ్డు బయటికి రాగానే తల దగ్గరున్న ఒక గ్రంథి దానికి మైనం పూస్తుంది. మెరిసే గోధుమరంగు గుడ్ల కుప్ప తల ముందు పేరుకుంటుంది. ఆ మైనం పడకపోతే గుడ్డు ఎండి ముడుచుకుంటుంది. పది పదిహేను రోజులు పెట్టి తల్లి పసుపుపచ్చగా వడిలి చస్తుంది. దానిని తీసేయండి, లేకపోతే బూజుకు అదే మూలం.

లెక్క ఇలా వేయండి. గ్రాము గుడ్లు అంటే సుమారు 20,000. కడుపు నిండిన ఆడది 200 మి.గ్రా. తూగితే, అందులో సగం బరువు గుడ్లు పెడుతుంది, అంటే 2,000 గుడ్లు. ఒక్క గోమారి పాకలో రాలి తప్పించుకుంటే జరిగేది అది.

మూడు వారాలకు గుడ్డు మీద తెల్లటి చుక్క కనిపిస్తుంది, ఇక పగులుతుందని గుర్తు. పిల్లకు ఆరు కాళ్లే ఉంటాయి. ఎనిమిది రావాలంటే రక్తం తాగి కుబుసం విడిచి నింఫ్ (పిల్లకూ పెద్దదానికీ నడిమి దశ) అవ్వాలి. వారం రోజులు ఒళ్లు గట్టిపడ్డాక ట్యూబు పైకెక్కి గుత్తిగా వేలాడతాయి, ఊపిరి ఊదితే ముందు కాళ్లు చాస్తాయి. ప్రయోగం ఇక్కడితో ఆపండి. మేపడానికి జంతువు మీద వదలొద్దు. ట్యూబులు తెరిచేటప్పుడు సబ్బు నీళ్లు పోసిన పళ్లెం మధ్యలో పెట్టుకోండి, తెల్ల చొక్కా వేసుకోండి, తప్పించుకున్న పిల్లను సెల్లోటేపుతో అంటించి పట్టండి.

నింఫ్‌లను చూడాలంటే పశువు చెవి వెనక, గంగడోలు కింద, పొదుగు దగ్గర సన్న దువ్వెనతో దువ్వండి. వీపు డొప్ప ఒళ్లంతా కప్పితే అది మగది, అందుకే అది ఉబ్బలేదు. పిల్లకు, నింఫ్‌కు, ఆడదానికి డొప్ప ముందు భాగానికే పరిమితం.

ఆవుకు ఒక లెక్క, కుక్కకు ఒక లెక్క

పశువుల మీద ఎక్కువగా కనిపించే బూఫిలస్ గోమారి పిల్లగా ఎక్కి, అక్కడే రెండుసార్లు కుబుసం విడిచి, దాదాపు 21 రోజులకు కడుపు నింపుకుని రాలుతుంది. మందు పిచికారీ మూడు వారాలకోసారి చేస్తే, మొన్న గడ్డి మీంచి ఎక్కిన పిల్ల గుడ్లు పెట్టడానికి రాలేలోపే దొరుకుతుంది. నెలన్నరకోసారి కొడితే ఒక విడత తప్పించుకుంటుంది. మోతాదు పశువుల డాక్టరు చెప్పినట్టే, సీసా మీద రాసినట్టే కలపండి. పొదుపని సగం కలిపితే తట్టుకునే గోమార్లే మిగిలి పిల్లలు పెడతాయి.

కుక్క గోమారి కథ వేరు. పిల్ల మూడు నాలుగు రోజులు తాగి రాలుతుంది, గోడ పగులులో కుబుసం విడిచి నింఫ్ అయి మళ్లీ ఎక్కుతుంది, మళ్లీ రాలుతుంది, పెద్దదై మూడోసారి ఎక్కుతుంది. జీవితంలో ఎక్కువ భాగం కుక్క మీద కాదు, మీ గోడలో ఉంటుంది. పైకి పాకే అలవాటు వల్ల తలుపు చట్రం పైన, ఫొటోల వెనక, సీలింగు మూలల్లో చూడాలి. గుడ్డు నుంచి గుడ్డు దాకా రెండు నెలలకు పైనే పడుతుంది, పెద్దవి తిండి లేకుండా నెలల తరబడి ఆగగలవు. కాబట్టి కుక్కకు డాక్టరు ఇచ్చిన మందు మూడు నాలుగు నెలలు తప్పకుండా వేస్తూ, పగుళ్లు సిమెంటుతో పూడ్చి, పరుపు గుడ్డలు వారం వారం వేడినీళ్లలో ఉతకాలి. కుక్కకు వాడే పర్మెత్రిన్ మందు ఇంట్లో పిల్లి ఉంటే దాని దగ్గరికి రానివ్వకండి, పిల్లికి అది విషం.

ఏ దశ రోగం అంటిస్తుందన్నది కూడా ఒకేలా ఉండదు. పశువులకు జ్వరం తెచ్చే బాబీసియా పరాన్నజీవి తల్లి గోమారి నుంచి గుడ్డులోకి దిగుతుంది, అంటే ఎవరినీ కుట్టని పిల్ల కూడా పుట్టుకతోనే దాన్ని మోయవచ్చు. కుక్కలకు జబ్బు తెచ్చే ఎర్లీకియా బ్యాక్టీరియా గుడ్డులోకి దిగదు. పిల్లో నింఫో జబ్బు కుక్క రక్తం తాగి, తర్వాతి దశలో అంటిస్తుంది. ఇక కంబాలకొండ లాంటి పొదల్లో నడిచేవాళ్లకు స్క్రబ్ టైఫస్ జ్వరం అంటించే నల్లి జాతి పురుగు లార్వా దశలో మాత్రమే మనిషిని కుడుతుంది. దానికీ ఆరు కాళ్లే, కానీ గోమారి పిల్లలో సగం కూడా ఉండదు, నారింజ ఎరుపు రంగు. ప్యాంటు అంచు సాక్సులోకి దోపండి.

కరిచి ఉన్న గోమారిని చర్మానికి ఆనుకుని చిమటాతో పట్టి నిటారుగా, నెమ్మదిగా లాగండి. బీడీతో కాల్చడం, కిరోసిన్ పోయడం వద్దు, అది కడుపులోది గాయంలోకి కక్కే ప్రమాదం ఉంది. గోళ్ల మధ్య చిదమకండి, స్పిరిట్ సీసాలో వేయండి. పెంచిన ట్యూబులను గుడ్డ విప్పకుండానే పది నిమిషాలు మరిగించి పారేయండి. వాడిన గుడ్డలు, సెల్లోటేపు ముక్కలు కూడా ఆ నీళ్లలోనే వేయండి.